అభ్యంతరం లేని పాట

ఏ పాట బాగుందో తెలియాలంటే దాన్ని వినాలి అనుకునే అమాయకులు విశాఖపట్నంలో ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. శబ్ద వారసత్వ పరిరక్షణ సంస్థలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న బెహరా నూకరత్నం వాళ్లలో ఒకరు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు తరవాత కూడా ఈ అమాయకత్వం వదల్లేదంటే లోపం ఆవిడ పెంపకంలో ఉండాలి గానీ, ఆఫీసు తన ప్రయత్నం తాను చేసింది.

ఆ సంస్థ పని పాత శబ్దాలను దాచిపెట్టడం. ఓడరేవు పాత సైరన్లు, మూతపడ్డ జనపనార మిల్లు కూతలు, హరికథల రీళ్లు, ఒకానొక జమీందారుగారు ఉపన్యాసానికి ముందు దగ్గిన దగ్గు, అన్నీ నంబర్లు వేయించుకుని ఇనప బీరువాల్లో పడుకుని ఉంటాయి. జమీందారుగారి ఉపన్యాసం మాత్రం దొరకలేదు. వినడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు. విన్నకొద్దీ టేపు అరుగుతుంది కనక వినకపోవడమే పరిరక్షణ అని సంస్థ మొదటి డైరెక్టరుగారు తేల్చేశారు, ఆ తరవాత వచ్చినవాళ్లెవరూ దాన్ని తిరగదోడలేదు.

అలాంటి చోటికి ఒక సోమవారం పొద్దున్న పైనుంచి ఉత్తర్వు దిగింది. కారణం చిన్నదే. శాఖ కార్యదర్శిగారి విమానం మూడు గంటలు ఆలస్యమైంది. ఆయన కాలక్షేపానికి ఫోను తీసి చూస్తే, ఎక్కడెక్కడి కుర్రకారో పాత రాక్ ఆల్బముల్ని మళ్లీ మళ్లీ వింటూ, ఒక్కోదాంట్లోంచి ఒక్కో మేటి పాటను ఏరి, ఎందుకు మేటిదో రాసుకుంటూ, నాది మేటిదంటే నాది మేటిదని సరదాగా దెబ్బలాడుకుంటున్నారు. ఇంత ముఖ్యమైన పని ఒక పద్ధతీ పాడూ లేకుండా జరిగిపోతోందని కార్యదర్శిగారికి బాధ కలిగింది. విమానం ఎక్కేలోపే ఉత్తర్వు తయారైంది.

డైరెక్టరు చామర్తి విశ్వంభరంగారు సిబ్బందినంతా పిలిచి నించునే చదివారు. ఆయన మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన మనిషి, ఉత్తర్వు ఏదైనా నించునే చదువుతారు.

“‘ప్రభావశీలమైన ప్రత్యామ్నాయ రాక్ ఆల్బములను పునఃపరిశీలించి, ఆల్బము ఒక్కింటికి ఒకే ఒక్క మేటి గీతమును నిష్పాక్షికముగా ఎంపిక చేసి, తొంభై దినములలోగా సభాముఖమున ఆవిష్కరించవలెను. ఎంపిక కాని గీతములను స్థలాభావ దృష్ట్యా సదరు టేపు నుండి చెరిపివేయవలెను.’ అర్థమైందా? సందేహాలుంటే రాతపూర్వకంగా ఇవ్వండి.”

“ప్రత్యామ్నాయ రాక్ అంటే ఏంటండీ?” అని ఎవరో నోటితోనే అడిగేశారు.

“సినిమా పాటల దారిన పోకుండా తమ దారిన తాము అరుచుకునే గిటార్ల సంగీతమట. అనుబంధంలో ఉంది” అన్నారు డైరెక్టరుగారు.

బీరువాలన్నీ గాలిస్తే అలాంటి ఆల్బము ఒక్కటే తేలింది. పేరు ‘తుప్పు’. 1996లో ‘ఉప్పుగాలి’ అనే విశాఖపట్నం బ్యాండు చేసిన క్యాసెట్టు. అట్టమీద ముగ్గురి పేర్లున్నాయి. గిటారు జోగినాయుడు, గొంతూ బేసు గిటారూ ఫిలిప్, డ్రమ్ములు రత్నం.

ఆ మూడో పేరు వినగానే నూకరత్నానికి గుండె ఒక దెబ్బ తప్పి కొట్టుకుంది. ఎందుకంటే ఆ రత్నం ఆవిడే. ఇరవై రెండేళ్ల వయసులో, ఫిలిప్ వాళ్ల క్వార్టర్సు వంటింట్లో గోడలకు పరుపులు కట్టుకుని, కుక్కరు కూత పడకుండా పక్కింటివాళ్లను బతిమాలుకుని, నాలుగు ఆదివారాల్లో చేసిన తొమ్మిది పాటలవి. రెండు వందల క్యాసెట్లు వేస్తే చేతులు మారి, కాపీలకు కాపీలు పడి, తరవాత పదేళ్లలో శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా పుట్టిన ప్రతి బ్యాండులోనూ ఫిలిప్‌లాగా ముక్కుతో పాడేవాడు ఒకడు తయారయ్యాడు. అసలు క్యాసెట్లూ, వాటి కాపీలూ మాత్రం సముద్రపు గాలికి బూజు పట్టి కొన్ని, ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు పైన సినిమా పాటలు ఎక్కించేసి కొన్ని, ఒక్కొక్కటే పోయాయి. ఫిలిప్ కూడా పోయాడు. ఇరవై మూడేళ్ల కిందట, పోర్టులో డ్యూటీ దిగి వస్తూ వస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. చేతిలో ఫోన్లు లేని రోజులు కావడం వల్ల ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. ఉన్నది ఈ ఒక్క టేపులోనే. అందులోంచి ఎనిమిది పాటలు చెరిపేస్తారట.

సాయంత్రం రత్నం ఆఫీసు నుంచి నేరుగా గాజువాక వెళ్లింది. జోగినాయుడు అక్కడ ఫ్యాన్లకు వైండింగ్ చేసే దుకాణం నడుపుతున్నాడు. ఫిలిప్ భార్య సలోమి ఆ పక్కనే కుట్టుమిషను పెట్టుకుంది.

సంగతి విని జోగినాయుడు చేతిలో రాగితీగ వదిలేశాడు. “ఏటే రత్నం, మన పాటలు మీ బీరువాలో ఉన్నాయా? ఇరవై నాలుగేళ్ల బట్టి అక్కడే ఉజ్జోగం చేస్తన్నావు, నీకు తెల్దా?”

“బీరువాలు తెరవరు రా. తెరవకపోవడమే మా పని.”

సలోమి మిషను ఆపి లేచి వచ్చింది. “ట్యాంకరు పాట ఉందేటే అందులో?” అని అడిగింది.

ఉంది. ‘నీళ్ల ట్యాంకరు’ ఫిలిప్ సలోమి మీద కట్టిన పాట. వాళ్లిద్దరికీ పరిచయమైందే ట్యాంకరు దగ్గర, బిందెల వరసలో. క్యాసెట్టు వచ్చిన వారానికి పెళ్లయింది.

“ఒక్కసారి ఇనిపించే రత్నం. మొకం ఫొటోల్లో ఉంది గానీ, గొంతు మర్సిపోతన్నానే. రాత్తిరి పడుకుని గుర్తు తెచ్చుకుందామంటే రాట్లేదు” అంది సలోమి. రత్నం ఆవిడకి మాటిచ్చింది. ఎలా వినిపిస్తుందో తనకే తెలీదు.

నిజం చెప్పేస్తే పోయేది కదా అని మీకు అనిపించవచ్చు. చెప్పే వీలు మర్నాడే పోయింది. నిష్పాక్షికత అన్న మాటను డైరెక్టరుగారు రాత్రంతా ఆలోచించి వచ్చారు.

“సంగీతం తెలిసినవాడికి కొన్ని పాటలు నచ్చుతాయి, కొన్ని నచ్చవు. అదే పక్షపాతం. కాబట్టి ఈ ఫైలు ముట్టుకునే ప్రతి ఒక్కరూ తమకీ సంగీతంతో ఎలాంటి పూర్వ పరిచయమూ లేదని రాసి సంతకం చేయాలి. పరిచయం ఉన్నవారు ఈ భవనం నుంచే బదిలీ చేయబడుదురు” అన్నారు.

రత్నం ఆ కాగితం పట్టుకుని పది నిమిషాలు కూర్చుంది. సంతకం చేయకపోతే క్యాసెట్టు ఎవరి చేతిలో పడుతుందో తెలీదు. చేస్తే అబద్ధం. చివరికి చేసింది.

ఎంపిక సంఘం కూడా అదే పద్ధతిలో ఏర్పడింది. ఒకరు భూగర్భ జలాల నిపుణుడు, ఒకరు పట్టుపురుగుల పెంపకంలో విశ్రాంత అధికారి, ఇంకొకరు నలభై ఏళ్లుగా ఇంట్లో రేడియో పెట్టనివ్వని గణితాచార్యుడు. ముగ్గురి అజ్ఞానాన్నీ గెజిటెడ్ అధికారులు ధ్రువీకరించారు.

తరవాత రిజిస్టరు తయారు చేసే పని పడింది. క్యాసెట్టును లక్క సీలు విప్పి, డైరెక్టరుగారి గదిలో, రెండు తాళాల ప్లేయరులో ఒక్కసారి మాత్రం వేయాలి. ఫోన్లు బయట బుట్టలో పెట్టాలి. రత్నం పాటల మాటలు రాసుకోవాలి, సూపరింటెండెంటు ఇప్పిలి సింహాద్రిగారు పక్కన కూర్చుని పర్యవేక్షించాలి. సింహాద్రిగారు భూమి కొలతల శాఖలో ముప్పై ఏళ్లు గొలుసు లాగించి వచ్చిన మనిషి. ఆయనకు ప్రపంచంలో ప్రతిదానికీ ఒక మొదలూ, ఒక చివరా, మధ్యలో ఒక నంబరూ ఉండాలి.

టేపు తిరిగింది. ఫిలిప్ గొంతు వచ్చింది. రత్నం తల వంచుకుని గబగబా రాసుకుంటూ పోయింది. మధ్యలో రెండుసార్లు కళ్లు తుడుచుకుంటే సింహాద్రిగారు ఫ్యాను తగ్గించమని పురమాయించారు. మొదటి వైపు నాలుగు పాటలయ్యాయి. తరవాత ఏమీ లేదు. ఖాళీ టేపు సుయ్యిమంటూ తిరిగి తిరిగి, దానంతటదే రెండోవైపుకు మళ్లుకుని, అయిదో పాట అందుకుంది.

అంతా అయ్యాక సింహాద్రిగారు రిజిస్టరు చూసి పెదవి విరిచారు. “ప్లేయరు మీటరులో నాలుగో పాట రెండువందల పదకొండు దగ్గర ముగిసింది. అయిదోది రెండువందల అరవై దగ్గర మొదలైంది. మధ్యలో నలభై తొమ్మిది అంకెలు ఏమయ్యాయమ్మా?”

“అది ఖాళీ అండి. టేపు మిగిలిపోయింది.”

“ఖాళీ అంటూ ఉండదమ్మా. పొలాల మధ్య గట్టు ఉంటుంది. గట్టును మేం నకశాలో చూపించమా? లెక్కకు రాని స్థలం వదిలితే రేపు ఎవడో ఆక్రమిస్తాడు. నంబరు వేయి.”

అలా ఒక నిమిషం నలభై సెకన్ల ఖాళీ టేపు అయిదో అంశమైంది. ఎదురుగా ‘శబ్దము లేదు’ అని రత్నమే తన చేత్తో రాసింది. అయిదో పాట ‘నీళ్ల ట్యాంకరు’ ఆరో స్థానానికి జరిగింది.

పది అంశాల్లో మేటిదేదో తేల్చడానికి సంఘం సమావేశమైంది. వినడం వల్ల ఇష్టాయిష్టాలు ఏర్పడతాయని వినలేదు. గణితాచార్యుడు సగటు తీద్దామన్నాడు. దేని సగటని అడిగితే అలిగాడు. చివరికి సింహాద్రిగారే దారి చూపించారు.

“మా శాఖలో భూమి ఎవరిదో మేం చెప్పం సార్. ఫలానావాడిది అని నోటీసు అంటిస్తాం. పదిహేను రోజుల్లో అభ్యంతరాలు రాకపోతే అతనిదే. ఇదీ అంతే. పదింటికీ అభ్యంతరాలు పిలుద్దాం. దేనికి రాకపోతే అదే మేటి.”

విశ్వంభరంగారు కుర్చీలోంచి లేచి ఆయన చేయి పట్టుకున్నారు. “ఎంత ప్రజాస్వామికం!” అన్నారు. నిజంగానే ఆయన కళ్లు చెమర్చాయి.

నోటీసు అన్ని శాఖలకూ వెళ్లింది, పాటల మాటలు జతచేసి. ప్రభుత్వ కార్యాలయానికి అభిప్రాయం అడుగుతూ ఉత్తరం రాస్తే ఏడాదికి గానీ జవాబు రాదు. అభ్యంతరం అడిగితే మాత్రం నాలుగో రోజుకల్లా సంచులు నిండాయి.

‘కరెంటు పోయిన సాయంత్రం’ అనే పాటకు విద్యుత్ వాళ్లు ఒప్పుకోలేదు. 1996లో కరెంటు పోవడం జరగలేదని, అప్పుడప్పుడూ రాకపోవడం మాత్రమే జరిగిందని రాశారు. ‘చేపల వాసన’ పాటలోని వాసనకు శాస్త్రీయ ఆధారాలు లేవని డైరెక్టరుగారి సొంత మత్స్యశాఖే మండిపడింది. ‘మేడ మీద కుక్క’లో మొరిగిన కుక్కకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ తెలపాలని ఒకరు. మాటల్లేని గిటారు పాట ఒకటుంది. ఆరున్నర నిమిషాలసేపు ఒక్క తెలుగు పదమైనా పలకకపోవడం భాషకు తీరని అన్యాయమని ఇంకొకరు. ‘తుప్పు’ అనే మొదటి పాట నగరంలో ఇనుము మీద నమ్మకం పోగొడుతోందని ఒక ఇంజినీర్ల సంఘం తీర్మానం చేసి, దాన్ని ఫ్రేము కట్టించి పంపింది. ‘నీళ్ల ట్యాంకరు’ మీద వచ్చింది పదకొండు పేజీలు. పాటలో ట్యాంకరు పదకొండింటికి వచ్చినట్టు ఉందనీ, తమ రికార్డుల ప్రకారం తొమ్మిదింటికే వచ్చేదనీ, వరసలో నిలబడి ఆడపిల్లతో మాట్లాడటం బిందె నింపుకునే నియమాలకు విరుద్ధమనీ అందులో ఉంది.

పదిహేనో రోజు సాయంత్రం అయిదింటికి కట్టలు విప్పి చూస్తే తొమ్మిది అంశాలకు అభ్యంతరాలున్నాయి. అయిదోదానికి లేదు. పైగా దాని గురించి ముప్పై ఒక్క శాఖలు ‘మాకెట్టి అభ్యంతరమూ లేదు’ అని విడివిడిగా, ముద్రలు వేసి మరీ రాశాయి. ఇంత ఏకాభిప్రాయం రాష్ట్ర చరిత్రలో లేదని డైరెక్టరుగారు అన్నారు, అది నిజమే అయుంటుంది.

గెలిచింది కాబట్టి ఇక వినవచ్చు. సంఘమంతా కూర్చుని అయిదో అంశాన్ని విన్నది.

“ఎంత సంయమనం! ఎక్కడా హద్దు మీరలేదు” అన్నారు పట్టుపురుగులాయన.

“లోతు ఉంది” అన్నారు భూగర్భ జలాలాయన.

గణితాచార్యుడు ఇలాంటి సంగీతమైతే తమ ఇంట్లో కూడా పెట్టుకోనిస్తానని ఒప్పుకున్నాడు.

రత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సభ తేదీ ఖరారైంది. మిగతా తొమ్మిదింటినీ సభ ముగిసిన మూడు పనిదినాల్లో చెరిపివేయాలన్న ఉత్తర్వు మీద ఆవిడ చేతే ముద్ర వేయించారు. తనకు తెలిసిన దారి ఒక్కటే ఉంది, జోగినాయుడు చేత అభ్యంతరం పెట్టించడం. అతను దుకాణం మూసేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

“బాబూ, నాను జోగినాయుణ్ణి. ఆ గిటారు వాయించింది నానే. మీరు ఎన్నుకున్నది పాట కాదండి, ఖాళీ టేపండి. దానికి నాను అభ్యంతరం సెప్తన్నాను.”

డైరెక్టరుగారు మర్యాదగా కూర్చోబెట్టారు. “అభ్యంతరం చెప్పేవారికి సదరు అంశంతో ప్రత్యక్ష సంబంధం ఉండవలెను. అయిదో అంశంలో మీరు గిటారు వాయించారా?”

“లేదండి. అందులో ఏటీ లేదు కదా!”

“వాయించలేదని మీరే అంటున్నారు. అంటే సంబంధం లేదు. అభ్యంతరం తిరస్కరించడమైనది.” అంతటితో ఊరుకోక ఆయన మళ్లీ ఆలోచనలో పడ్డారు. “కానీ ఆ నిమిషం నలభై సెకన్లూ ముగ్గురూ ఏమీ వాయించకుండా ఉన్నందుకు మీకు సన్మానం చేయవలసి ఉన్నది. శాలువా కప్పుతాం, తప్పక రండి.”

జోగినాయుడు బయటికొచ్చి మెట్లమీద కూలబడ్డాడు. “నాను ముప్పయ్యేళ్ల బట్టి వాయించినదానికి ఎవుడూ సాలువా కప్పలేదే. వాయించనిదానికి కప్పుతారట” అన్నాడు.

సన్మానానికి ముగ్గురు కళాకారులూ కావాలి. ఫిలిప్ తరఫున సలోమిని పిలిచారు. డ్రమ్ముల రత్నం ఆచూకీ కోసం పత్రికా ప్రకటన వేయమని ఫైలు నూకరత్నం బల్లమీదికే వచ్చింది. ‘రత్నం అను పేరుగల, డ్రమ్ములు వాయించు పురుషుడు ఎక్కడున్ననూ వారం దినములలో సంస్థ కార్యాలయమున హాజరు కావలెను’ అని సింహాద్రిగారు చెప్తుంటే ఆవిడే రాసింది. ‘పురుషుడు’ అన్నచోట కలం ఆగింది గానీ, చెప్పినట్టే పూర్తి చేసింది. వారం తరవాత ‘ఆచూకీ లభ్యం కాలేదు’ అని నివేదిక కూడా ఆవిడే పెట్టింది.

ఆ నివేదిక మీద సంతకం తీసుకోవడానికి వెళ్లినప్పుడు సింహాద్రిగారు ఏదో పాత సంగతి చెప్పుకుంటూ చిరాకు పడుతున్నారు. కొలతల శాఖలో ఉండగా ఒక ఊళ్లో ఎవరో గట్లు దున్నేసి, హద్దు రాళ్లు పీకేశారట. పట్టా ఉంది, భూమి ఉంది, ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా అన్నది మాత్రం దేవుడికే తెలీదట. “హద్దులు పోతే ఆస్తి పోయినట్టేనమ్మా. ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగాను” అన్నారు.

రత్నం తిన్నగా తన బల్ల దగ్గరికి వెళ్లి, తెల్లకాగితం తీసి, ఇరవై నాలుగేళ్లలో నేర్చుకున్న భాషంతా పెట్టి ఒక నోటు రాసింది.

‘సమర్పించడమైనది. ఎంపికైన అయిదవ అంశము నిశ్శబ్దము. మిగిలిన తొమ్మిది అంశములను చెరిపివేసినచో ఆ స్థలములందు కూడా నిశ్శబ్దమే ఏర్పడును. అట్లయినచో ఎంపికైన నిశ్శబ్దమునకును, ఎంపిక కాని నిశ్శబ్దమునకును తేడా తెలియక, వారసత్వ సంపద ఆక్రమణకు గురికాగలదు. కావున సదరు తొమ్మిది గీతములను అయిదవ అంశమునకు శాశ్వత హద్దురాళ్లుగా ప్రకటించి, చెక్కుచెదరకుండా కాపాడుటకు అనుమతి కోరడమైనది.’

సింహాద్రిగారు ఆ నోటు మూడుసార్లు చదివారు. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత నిఖార్సయిన మాట ఎవరూ రాయలేదు. తానే ఫైలు పట్టుకుని డైరెక్టరుగారి గదికి పరుగెత్తారు.

డైరెక్టరుగారికి చెమటలు పట్టాయి. “అయ్యో, సభ అయిన మూడు రోజుల్లో చేతులారా చెరిపేసేవాళ్లం కదయ్యా!” అని అప్పటికప్పుడు ఉత్తర్వు మార్చారు. హద్దురాళ్లను చెరిపినవారిపై కఠిన చర్య. ఒక చోట ఉంటే ప్రమాదం కాబట్టి తొమ్మిదింటికీ ప్రతులు తీయించి ప్రతి జిల్లా కేంద్రంలోనూ భద్రపరచాలి. హద్దులను ఏ పౌరుడైనా ఎప్పుడైనా వచ్చి సరిచూసుకోవచ్చు. రత్నం ఆ ఉత్తర్వు మీద ముద్ర గుద్దిన గుద్దుకి ఇంకు ప్యాడు పగిలింది.

సభకు ముందు ఇంకో చిన్న పని మిగిలింది. ఆవిష్కరణప్పుడు అయిదో అంశం ఎక్కడ ముగుస్తుందో సభికులకు ఎలా తెలుస్తుంది? అదీ రత్నమే ఎత్తిచూపింది. ‘నిశ్శబ్దము ముగిసిన పిమ్మట తదుపరి హద్దురాయిని సభకు వినిపించవలెను’ అని ఆపరేటరు గురువులుకు ఇచ్చే ఉత్తర్వులో ఒక వాక్యం చేర్చింది. ఎంతసేపు వినిపించాలో అందులో రాయలేదు. మరిచిపోయిందో, మరిచిపోవాలని మరిచిపోయిందో ఆవిడ ఇప్పటికీ చెప్పదు.

కళాభవనం నిండిపోయింది. ఏ పాట ఎంపికైందో బయటికి పొక్కనివ్వలేదు కనక, ఒకప్పుడు ఆ క్యాసెట్టు కోసం ఊళ్లు తిరిగినవాళ్లంతా నెరిసిన జుట్లతో, కొందరు పిల్లల్ని వెంటేసుకుని వచ్చారు. వేదిక మీద కార్యదర్శిగారు, డైరెక్టరుగారు, సంఘం వారు, చివర రెండు కుర్చీల్లో శాలువాలు కప్పుకుని జోగినాయుడు, సలోమి. మైకు అందించడానికీ, పూలదండలు సర్దడానికీ రత్నం సలోమి వెనకే నించుంది.

డైరెక్టరుగారు ఉపన్యాసం ముగించి, “ముప్పై ఒక్క శాఖలు ముక్తకంఠంతో ఆమోదించిన మేటి గీతం!” అని ప్రకటించారు. గురువులు మీట నొక్కాడు.

అందరూ లేచి నించున్నారు. స్పీకర్లలోంచి సుయ్యిమని సన్నటి చప్పుడు. సభలో వాళ్లు పాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చెవులు రిక్కించి ఎదురుచూస్తున్నారు. ముప్పై సెకన్లకు ఒకరిమొహం ఒకరు చూసుకున్నారు. నిమిషానికి వెనక వరసలో ఎవరో ఈల వేశారు. సంఘం వారు మాత్రం కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. డైరెక్టరుగారు కార్యదర్శిగారి మొహం చూస్తున్నారు. కార్యదర్శిగారు గడియారం చూసుకుంటున్నారు.

నిమిషం నలభై అయింది. ప్లేయరు టక్కుమని వైపు మార్చుకుంది. డ్రమ్ము నాలుగు దెబ్బలు కొట్టింది. గిటారు పెద్ద గోడ కూలినట్టు వచ్చి పడింది. దాని మీద, ముక్కుతో, నవ్వుతున్నట్టే ఉండే ఆ గొంతు.

“ట్యాంకరొచ్చిందే పిల్లా, బిందె దాయకే
నీ యెనకే నిలుసున్నాను, ఎనక్కి సూడకే...”

సభ ఒక్కసారి హోరెత్తింది. నెరిసిన జుట్లవాళ్లంతా గొంతు కలిపారు. ముప్పై ఏళ్లయినా ఒక్క మాట మరిచిపోలేదు. సలోమి శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. అది ఏడుపో నవ్వో వెనక నించున్న రత్నానికి తెలియలేదు, ఎందుకంటే ఆవిడకి అప్పటికి కళ్లు కనిపించడం లేదు.

“ఆపవయ్యా! హద్దు తెలిసింది కదా!” అని డైరెక్టరుగారు గురువులు మీదికి వంగి అరిచారు.

“ఆపమని కాయితంలో లేదండి” అన్నాడు గురువులు ఉత్తర్వు చూపించి. సింహాద్రిగారు దాన్ని తిరగేసి, బోర్లేసి చూశారు. లేదు.

ఏం చేయాలో తోచక డైరెక్టరుగారు కార్యదర్శిగారి వైపు తిరిగారు. కార్యదర్శిగారు గడియారం చూడటం మానేశారు. ఆయన కుడి బూటు వేదిక చెక్క మీద లయ తప్పకుండా తడుతోంది. అది చూశాక డైరెక్టరుగారి పాదం కూడా, పై అధికారి పాదానికి అర క్షణం వెనకగా, కదలడం మొదలుపెట్టింది. గణితాచార్యుడు వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుని, “నాలుగు. నాలుగేసి వస్తున్నాయి” అని పక్కవాళ్లకు ఆనందంగా చెబుతున్నాడు.

పాట ముగిసింది. చప్పట్లు ఆగడం లేదు. కార్యదర్శిగారు, “మళ్లీ ఒకసారి వినొచ్చా?” అని అడిగారు.

“తప్పకుండా సార్. హద్దును రెండోసారి సరిచూడటం నిబంధనల ప్రకారం కూడా మంచిదే” అన్నారు డైరెక్టరుగారు. గురువులు ఆ ముక్క కాగితం మీద రాయించుకుని, టేపు వెనక్కి తిప్పాడు.

మళ్లీ డ్రమ్ము నాలుగు దెబ్బలు కొట్టింది. సలోమి వెనక్కి తిరిగి రత్నం చేయి పట్టుకుంది. ఎదురుగా మైకు ఉన్న సంగతి ఆవిడ ఎరగదు.

“ఒలే రత్నం,” అంది, మాట సభంతా వినిపించింది, “ఆయన గొంతుకి ముందు ఈ కొట్టుడు ఇంత బాగుంతాదని నాకెప్పుడూ తెల్దే. ఇది నువ్వేనేటే?”

డైరెక్టరుగారి పాదం ఆగిపోయింది. సింహాద్రిగారు నోరు తెరిచి, డ్రమ్ములు వాయించు పురుషుణ్ని ఎగాదిగా చూశారు. పూర్వ పరిచయం లేదని సంతకం చేసిన కాగితం, ఆచూకీ లభ్యం కాలేదన్న నివేదిక, భవనం నుంచి బదిలీ, అన్నీ రత్నం కళ్లముందు తిరిగాయి. తిరిగి తిరిగి, ఆ గొంతు మొదలయ్యేసరికి ఎటో పోయాయి.

రత్నం మైకు దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది.

“నేనే వదినా. ఆ కొట్టింది నేనే.”